ఆయన ఎన్నడూ వాయించని సోలో

మా బేస్ గిటారిస్టు పోయాడన్న సంగతి నాకు ఏడుపు ముఖాల బొమ్మల మధ్య తెలిసింది. మా బ్యాండ్ వాట్సాప్ గ్రూపులో మా సింగర్ వరసపెట్టి పంపిన బొమ్మలవి. వాటి కింద 'అన్న ఇక లేడు, గుండెపోటు' అని ఉంది. నేను ఫర్వానియా సిగ్నల్ దాటి కారు పక్కకు తీసి ఆపేలోపే ఇంకో ముక్క వచ్చింది: 'ట్రిబ్యూట్ షో గ్రాండ్‌గా చేద్దాం.' అప్పటికి ఆయన్ను ఆస్పత్రిలోంచి బయటికైనా తేలేదు. ఆ క్షణాన నాలో పుట్టిన అసహ్యం ఇంకా తగ్గలేదు. ఈ నాలుగు మాటలు రాయడానికి కారణం కొంత ఆ అసహ్యం, మిగతాదంతా ఆయన.

మేం నలుగురం, ఉద్యోగాలకని గల్ఫ్‌కు వచ్చిన తెలుగువాళ్ళం. నేను వరంగల్ వాణ్ణి, ఒక బ్యాంకులో కంప్యూటర్ల పని, బ్యాండ్‌లో డ్రమ్స్. సింగర్‌ది హైదరాబాదు, పెద్ద కంపెనీలో మేనేజరు, పాటతోపాటు గిటారూ ఆయనదే. కీబోర్డు వాయించేది విజయవాడ నుంచి వచ్చిన పళ్ళ డాక్టరమ్మ. పోయినాయన ఒంగోలు మనిషి, లిఫ్టులు బాగుచేసే కంపెనీలో సర్వీస్ ఇంజనీరు. నేను ఆయన్ను అన్నా అనేవాణ్ణి, డాక్టరమ్మ అన్నయ్యగారూ అనేది.

ప్రతి శుక్రవారం పొద్దున అల్ రాయ్‌లో ఒక టైల్స్ గోడౌను వెనక గదిలో కలిసేవాళ్ళం. చప్పుడు బయటికి పోకుండా గోడలకు పాత పరుపులు కట్టి ఉండేవి. అవి ఎవరు పడుకుని వదిలేసిన పరుపులో, వాటి మీది మరకలు దేనివో ఆలోచించకపోవడమే మంచిది. ఏసీ కారి తడిసిన మూల నుంచి ముక్కిన వాసన, దాని మీద మా సింగర్ తెచ్చుకునే షవర్మాలోని వెల్లుల్లి వాసన. అన్న తలుపు తీయగానే "ఛీ" అనేవాడు. తర్వాత బూట్లు విప్పి, చేతులు కడుక్కుని వచ్చి, జేబులోంచి తెల్ల గుడ్డ తీసి తీగలు ఒక్కొక్కటీ తుడిచి, "యల్లా" అనేవాడు, ఇక్కడి అరబ్బీలో 'ఇక కానివ్వండి' అని. అంతే, పాట మొదలు.

ఆయన ఛీలలో చాలా రకాలుండేవి. గదికి ఒకటి, అపస్వరానికి ఒకటి. మరీ అందంగా వాయిస్తే ఇంకోటి. నేనేదైనా పాటలో సంబరపడి చేతులకు పని చెప్పినప్పుడల్లా మొహం చిట్లించి, "ఛీ, అంత అందంగా వాయించబాకయ్యా, పాట కనపడకుండా పోతావుంది" అనేవాడు. ఒక దీపావళి వేడుకలో జనం ఆయన్ను సోలో వాయించమని అరిచారు. వాళ్ళకు కూడా అదే ఛీ దక్కింది, మైకులోనే.

మొదట్లో ఆయనదీ గిటారే. బేస్ ఎవరికీ అక్కర్లేదు. తీగలు నాలుగే, లావు తీగలు, అది ఉందని వినేవాళ్ళకు తెలియను కూడా తెలియదని మా సింగర్ తీసిపారేశాడు. "ఇటీయండి. ఎవురూ తినని కూర నేను తింటాలే" అని ఆయన తీసుకున్నాడు. తీసుకున్నాక కూడా కొన్నాళ్ళు గిటారు వాయించినట్టే వేళ్ళు పరిగెత్తించాడు. నా డ్రమ్స్, ఆయన వేళ్ళు కలిస్తే ఇద్దరు మనుషులు ఒకే తలుపులోంచి ఒకేసారి దూరబోయినట్టుండేది.

ఒక శుక్రవారం ఆయన గిటారు సంచీలోంచి తీయనే లేదు. స్టూలు లాక్కుని, నేను కాలితో కొట్టే పెద్ద డ్రమ్ము పక్కన కూర్చున్నాడు.

"కాలు ఒక్కటే ఆడించు. చేతులు కట్టుకో" అన్నాడు.

"ఉత్త కాలేనా అన్నా? ఎంత సేపు?"

"నీ కాలు ఎప్పుడు పడుద్దో తెలీకుండా నా వేలు ఎప్పుడు పడాల?"

జుమ్మా నమాజు పిలుపు వినిపించేదాకా అదే పని. ఆయన కళ్ళు మూసుకుని, మోకాలి మీద వేలితో కొట్టుకుంటూ విన్నాడు. సంతోషమొస్తే నా కాలు తొందరపడుతుందని నాకు అప్పటిదాకా తెలియదు, ఆయనే చెప్పాడు. ఆ రోజు నుంచి ఆయన వాయించేది సగానికి సగం తగ్గిపోయింది, మా పాట నిలబడింది. కొత్త పాట కట్టేటప్పుడల్లా నా పక్కనే కూర్చుని పంపకాలు పెట్టేవాడు: "ఇది నీది. ఇది నాది. ఇది ఎవురిదీ కాదు, వదిలెయ్." ఆ మూడో వాటా గురించి మాత్రం ఎవరితోనైనా గొడవకు దిగేవాడు.

తన వాటా వదులుకోవడానికి మాత్రం ఏ ఇబ్బందీ ఉండేది కాదు. దుమ్ము తుఫాను మీద మేం కట్టుకున్న పాట ఒకటుంది. అందులో మెట్లు దిగుతున్నట్టు కిందికి జారే వరస ఆయన కట్టిందే. ఆయన చేసినవాటిలో నాకు అన్నిటికన్నా ఇష్టం. కొన్నాళ్ళు వాయించి, "డాక్టరమ్మా, ఇది నీ దగ్గిరే బాగుంటది, తీసుకో" అని ఇచ్చేశాడు. తను దాని కింద ఒక్క స్వరం పట్టుకుని నిలబడ్డాడు. మా సింగర్ ప్రతి వేదిక మీదా ఆ వరసకు డాక్టరమ్మను పొగిడేవాడు. ఆమె ఇబ్బందిగా ఈయన వైపు చూసేది. ఈయన తీగలు తుడుచుకుంటూ ఉండేవాడు.

సింగర్ సంగతీ చెప్పాలి. చెప్పకపోతే తర్వాత జరిగింది అర్థం కాదు. రెండో చరణానికి ముందు మా సింగర్ కళ్ళు తెరిచి, ముందు వరసలో ఎవరెవరు తనను ఫోన్లలో తీస్తున్నారో చూసుకుంటాడు. దాంతో చరణం ఆలస్యంగా ఎత్తుకుంటాడు. ఎంత ఆలస్యమన్నది ఆ రోజు ఫోన్లను బట్టి ఉంటుంది. ఆ సమయంలో అన్న ఒక స్వరాన్ని పట్టుకుని, గిటారు మెడ కాస్త పైకెత్తేవాడు. నేను ఆగేవాణ్ణి, డాక్టరమ్మ ఆగేది. సింగర్ పాట ఎత్తుకోగానే మెడ కిందికి దిగేది, ముగ్గురం ఒక్కసారిగా పడేవాళ్ళం. వినేవాళ్ళకు అది పాటలో కావాలని పెట్టుకున్న ఒడుపులా ఉండేది. మా సింగర్ కూడా అలాగే అనుకునేవాడు. పైగా పాట పొడుగునా ఈయన సన్నగా కింది స్థాయిలో గొంతు కలిపి సింగర్‌ను శ్రుతి తప్పకుండా కాసేవాడు. అల్లం టీ వల్ల తన గొంతు కుదురుకుందని మా సింగర్ నమ్మకం. టీ గొప్పతనం అందరికీ చెప్పేవాడు.

"ఎందుకు చెప్పవు అన్నా?" అని ఒకసారి విసుగ్గా అడిగాను.

"చెబితే ఇంక దాని మీదే ధ్యాస పెడతాడు. పాడటం మానేస్తాడు. ఊరుకో."

లిఫ్టు పిలుపులు ఇంకో కథ. పాట మధ్యలో ఫోను మోగేది. ఏదో భవనం కాపలాదారు: "ముహందిస్, లిఫ్ట్ ఖర్బాన్!" ఇంజనీరూ, లిఫ్టు పాడైంది అని; ఎవరో లోపల ఇరుక్కున్నారన్నమాట. ఆయన బూట్లేసుకుని పరిగెత్తేవాడు. అందుకే తన బేస్ అంతా డాక్టరమ్మ ఎడమచేతికి నేర్పాడు. ఆమెది చిన్నప్పటి నుంచి నేర్చుకున్న చెయ్యి. ఎడమచెయ్యి కింద ఒక్క స్వరం నొక్కగానే కుడిచెయ్యి పైన నాలుగు పూలు పూయించేది.

"ఛీ. ఆ కుడిచెయ్యి మీద కూర్చో తల్లీ" అన్నాడు ఆయన.

"నిజంగానా అన్నయ్యగారూ?"

"నిజంగానే. చెయ్యి ఊరికే ఉంటే ఏదో ఒకటి పెరుకుద్ది."

ఆమె ఇస్త్రీ మడత నలగని చుడీదారుతో, ఆస్పత్రి నుంచి నేరుగా వచ్చిన మనిషి, కుడిచెయ్యి కింద పెట్టుకుని స్టూలు మీద కూర్చుంది. నేను పొట్ట పట్టుకుని నవ్వాను. ఆయన నవ్వలేదు. పాటలన్నీ ఆమెకు అలాగే వచ్చాయి. "నేను లేనప్పుడు పాట ఆగిందనుకో, నేను సరిగ్గా చెప్పలేదన్నమాట" అనేవాడు. లిఫ్టు పని ముగించుకుని గ్రీజు వాసనతో తిరిగొచ్చేసరికి పాట నడుస్తూ ఉంటే, గుమ్మంలో నిలబడి కాసేపు విని, అప్పుడు చేతులు కడుక్కోవడానికి వెళ్ళేవాడు. ఆ కాసేపట్లో ఆయన మొహం చూడాలని నేను తలుపు వైపు తిరిగి వాయించేవాణ్ణి.

ఆయన భార్య, మా వదిన, శవపేటికతో పాటే ఒంగోలు వెళ్ళిపోయింది. విమానాశ్రయంలో మా ముగ్గురితో ఒక్కటే అడిగింది: "మీరు వాయించేటప్పుడు నాకు వీడియో పంపండయ్యా. ఎప్పుడు వస్తానన్నా, నన్ను వినేదానికి ఏముంది లే అనేవాడు. ఆయన వాయించేది ఎట్టుంటదో నేను సరిగ్గా వినలా."

పంపుతామన్నాం. ఏం పంపాలన్న దగ్గరే గొడవ వచ్చింది.

"మన ప్రాక్టీస్ రికార్డింగ్‌ల నుంచి అన్న బేస్ ఒక్కటి సపరేట్ చేపిచ్చిన" అన్నాడు సింగర్, పెళ్ళి కబురు చెబుతున్నంత హుషారుగా. "ల్యాప్‌టాప్ నుంచి అదే వస్తది. స్టేజ్ నడుమ ఖాళీ కుర్చీ, దాని మీద అన్న గిటార్, మీద లైట్. జనం ఏడుస్తరు భయ్."

"ల్యాప్‌టాప్ మనను వింటదా?" అన్నాను. "అన్న మన కోసం ఆగేటోడు. అది ఆగుతదా?"

"నువ్వు దాని వెంబడి పో, అయిపాయె."

"ఎడమచేత్తో నేను వాయిస్తానండీ" అంది డాక్టరమ్మ. "ఆయనే నేర్పారు కదా. వదినగారికి అది పంపుదాం."

"మీరు వాయిస్తే ఎవరు ఏడుస్తరు డాక్టర్?"

నేను డాక్టరమ్మ పక్షమే. కానీ హాలు, తెర, లైట్లు అన్నీ ఇక్కడి తెలుగు సంఘం పెద్దలవి. వాళ్ళకు కుర్చీ ఆలోచన మహా నచ్చింది. మా మాట నెగ్గలేదు. వదినకు ఇచ్చిన మాట ఉంది కాబట్టి వెళ్ళాను.

హాల్లో అడుగు పెట్టగానే ఫ్లెక్సీ. అందులో ఆయన చేతిలో ఉన్నది సింగర్ గిటారు, ఎప్పుడో పట్టుకోమని ఇస్తే పట్టుకున్నప్పటి ఫోటో. కింద 'లీడ్ గిటారిస్ట్' అని రాశారు. ఒక పెద్దమనిషి మైకు పట్టుకుని, లిఫ్టులు బాగుచేసిన ఆ మహానుభావుడే మనందరినీ పైకి తీసుకెళ్ళిన లిఫ్టు అన్నాడు. చప్పట్లు. కుర్చీలో ఆయన బేస్ గిటారు, దానికి మల్లెల దండ. పూలు వాడకుండా నీళ్ళు చిలకరించారు కాబోలు, ఒక్కో చుక్కా తీగల మీదికి జారుతోంది. తడి చేత్తో ఆ తీగల్ని ఆయన తన పిల్లలనైనా ముట్టుకోనిచ్చేవాడు కాదు. నేను చూపు తిప్పేసుకున్నాను.

దుమ్ము తుఫాను పాట మొదలైంది. స్పీకర్లలోంచి ఆయన వేళ్ళు వచ్చాయి. మొదటి చరణం ఎలాగో గడిచింది. రెండో చరణం దగ్గర మా సింగర్ ఫోన్ల వైపు చూడలేదు. తెర మీద తన మొహమే పెద్దగా కనిపిస్తోంది కాబట్టి ఇక ఎటూ చూడాల్సిన పని లేకపోయింది. జన్మలో మొదటిసారి సరిగ్గా సమయానికి చరణం ఎత్తుకున్నాడు. బేస్ మాత్రం ఆగింది. ఆ రికార్డింగు తీసిన శుక్రవారం మా సింగర్ ఆలస్యం చేశాడు. ఆ ఆలస్యం కోసం ఆయన స్వరం పట్టుకుని ఆగాడు, ఇప్పుడూ ఆగాడు. పాట ముందుకు పరిగెత్తింది, బేస్ వెనకే నిలబడింది. డాక్టరమ్మ చేతులు తీసేసింది. నేను కర్రలు దించేశాను. సింగర్ సౌండ్ చూసే అతని వైపు చేతులూపుతూ నోరు మూసుకున్నాడు.

హాలంతా ఆయన ఒక్కడే. ఎప్పటిదో ఒక శుక్రవారం నాటి మనిషి కోసం ఆగి, వాడొచ్చాక నెమ్మదిగా కదిలి వెళ్తున్న ఆ చప్పుడు తప్ప ఇంకేం లేదు.

అప్పుడు చప్పట్లు మొదలయ్యాయి. ఈలలు. "సోలో! సోలో!" అని వెనక నుంచి కేకలు. ఫోన్ల లైట్లన్నీ వెలిగి అటూ ఇటూ ఊగుతున్నాయి. ఇదంతా ముందే అనుకుని పెట్టిన ఘట్టం అనుకున్నారు. ముందు వరసలో పెద్దమనిషి కళ్ళు తుడుచుకుంటున్నాడు. బతికుండగా నోరారా ఛీ కొట్టిన పని, చచ్చాక ఆయన చేత బలవంతాన చేయించినట్టయింది.

లేచి వెళ్ళి ల్యాప్‌టాప్ వైరు పీకేశాను. దండ తీసి నేల మీద పెట్టి, నా చొక్కా అంచుతో తీగలు తుడిచాను, నాలుగూ. "టెక్నికల్ ప్రాబ్లం" అంటున్నాడు సింగర్ మైకులో. నేను నా డ్రమ్ముల దగ్గరికి తిరిగి వెళ్ళి కూర్చున్నాను.

మా వదినకు పంపిన వీడియో అక్కణ్ణుంచే మొదలవుతుంది. అందులో నేను కనిపించను, నా కాలు ఒక్కటే కనిపిస్తుంది. డాక్టరమ్మ పట్టుచీర కుచ్చిళ్ళు సర్దుకుని, కుడిచెయ్యి స్టూలు మీద పెట్టి, దాని మీద కూర్చుంది. ముందు వరసలో ఎవరో కిసుక్కుమన్నారు. ఆమె ఎడమచెయ్యి కీబోర్డు ఆ చివరికి, లావు స్వరాల దగ్గరికి చాపి, తల తిప్పి నా కాలి వైపు చూసింది.