మస్తాన్ గారు సర్దిన ట్యూబులు

మొన్న మంగళవారం ఒక ఊరు ఊరంతా తాగే నీళ్లు విషమని నలుగురిలో ప్రకటించి వచ్చానండీ! మైకులో! ఆ ఊరి పేరు మాత్రం అడక్కండి. కూచిపూడి దాటాక వస్తుంది, అంతవరకే చెప్తాను.

ముందు నా పనేంటో చెప్పాలి. సముద్రంలో కొన్ని బ్యాక్టీరియాలుంటాయి, చీకట్లో నీలంగా వెలుగుతాయి. వాటిని మా ల్యాబ్‌లో పెంచుతాం. ట్యూబులో ఏ కాలవ నీళ్లో బోరు నీళ్లో పోసి, రెండు చుక్కలు ఈ బ్యాక్టీరియా వేస్తాం. నీళ్లు మంచివైతే వెలుగు అలాగే ఉంటుంది. పురుగుమందులాంటిదేమైనా ఉంటే తగ్గిపోతుంది. దీన్నే బయోసెన్సర్ అంటారు. పద్దెనిమిదేళ్లుగా నేను చేస్తున్నది ఇదే.

ఈ పద్దెనిమిదేళ్లూ నాతో ఉన్నది మా ల్యాబ్ అటెండర్ మస్తాన్ గారు. ట్యూబులు కడగడం, ఆరబెట్టడం, పెట్టెలో సర్దడం అన్నీ ఆయనే. నేను కారెక్కేసరికి "అంతా రెడీ అండీ మేడం గారూ" అనేవారు. నేను ఏనాడూ ఆ పెట్టె తెరిచి చూసుకోలేదు.

రెండు నెలల క్రితం గుండెపోటుతో పోయారు. నేనప్పుడు పుణెలో కాన్ఫరెన్స్‌లో ఉన్నాను. డిపార్ట్‌మెంట్ గ్రూపులో ఓ దండం బొమ్మ పెట్టి, మధ్యాహ్నం సెషన్‌కి వెళ్లిపోయాను. తిరిగొచ్చాక వాళ్లింటికి వెళ్లాలి, వెళ్లాలి అనుకుంటూనే ఉన్నాను. భవానీపురం ఎంత దూరం చెప్పండి? మా ఇంటి నుంచి ఇరవై నిమిషాలు. ఎప్పుడూ ఏదో ఒక మీటింగ్ అడ్డొచ్చింది. నిజం చెప్పాలంటే, వెళ్లి ఏం మాట్లాడాలో తెలియలేదు.

మంగళవారం ఆ ఊరి స్కూల్లో డెమో. ఆయన పోయాక నేను పరీక్ష చెయ్యడం, బయటికెళ్లడం అదే మొదటిసారి. నా రీసెర్చ్ స్టూడెంట్ దివ్య ట్యూబులన్నీ తళతళా కడిగి తెచ్చింది. స్కూలు వరండాలో ఊరంతా కూర్చుంది. లోపల చీకటిగా ఉండే నల్ల పెట్టె ఒకటుంది, దానికి చిన్న కన్నం. అందులోంచి చూడాలి. ఒక ట్యూబులో మేం తెచ్చిన ద్రావణం, రెండోదాంట్లో ఆ స్కూలు బోరు నీళ్లు. రెండింట్లోనూ బ్యాక్టీరియా వేశాను.

మొదటిది చక్కగా వెలుగుతోంది. రెండోది ఆరిపోయింది!

కొంచెం తగ్గడం చూశాను గానీ, ఇలా పూర్తిగా ఆరిపోవడం నా సర్వీసులో చూళ్లేదు. మళ్లీ చేశాను. మళ్లీ ఆరిపోయింది. ఇంకెవరైనా అయితే ల్యాబ్‌కెళ్లి చూసి చెప్తానని ఊరుకునేవాళ్లు. నేను మైకు తీసుకున్నాను.

"ఈ నీళ్లు తాగకండి. చాలా ప్రమాదం."

ఇంక చూస్కోండి! హెడ్‌మిస్ట్రెస్ గారు పరిగెత్తుకెళ్లి కుళాయికి చున్నీ కట్టేశారు. ముందు వరసలో కూర్చున్న పెద్దావిడ "పొద్దున్నే రెండు చెంబులు తాగానమ్మోయ్" అని గొంతులో వేలు పెట్టుకుంది. ఆవిణ్ని చూసి ఇంకో నలుగురు. ఎవరో మజ్జిగ మంచిదన్నారు. బిందెలతో మజ్జిగ వచ్చింది. ఆ మజ్జిగ ఏ నీళ్లతో చేశారని ఒకాయన అడిగేసరికి, తాగినవాళ్లంతా మళ్లీ గోడ పక్కకి!

అక్కడితో ఆగితే బాగుండేది. రంగారావు గారని ఓ రైతు లేచి, తన తోడల్లుడి మీదికి వెళ్లారు. "పురుగుమందు డబ్బాలు ఈ బోరు దగ్గర కడగొద్దని నీకు ఎన్నిసార్లు చెప్పాను!"

ఆ తోడల్లుడి మొహం పాలిపోయింది. "నా మనవరాలు ఈ బళ్లోనే చదువుతోంది కదరా, నేనెందుకు కడుగుతాను?" అన్నాడు. ఎవరూ వినలేదు. మనవరాల్ని చెయ్యి పట్టుకుని, తల వంచుకుని వెళ్లిపోయాడు.

ల్యాబ్‌కి తిరిగొచ్చాక మా కుళాయి నీళ్లు పెట్టి చూశాను. ఆరిపోయింది. క్యాంటీన్ నీళ్లు, అవీ అంతే. నా సీసాలో ఫిల్టర్ నీళ్లు పెడితే అదీ ఆరిపోయింది! బెజవాడ మొత్తం విషమేనా అని నేను తల పట్టుకుని కూర్చుంటే, దివ్య మెల్లిగా అడిగింది.

"మేడం... మస్తాన్ అంకుల్ ట్యూబుల అడుగున తెల్లగా ఏదో ఉండేది కదండీ? అది వేశామా?"

ఉప్పండీ. ఉప్పు! సముద్రపు జీవాలు, ఉప్పులేని నీళ్లలో వేస్తే ఉబ్బి పగిలి చస్తాయి. మేం తెచ్చిన ద్రావణంలో ఉప్పు ముందే ఉంది, అందుకే అదొక్కటే వెలిగింది. ఇంటర్ పిల్లలకి తెలుసు. నాకూ తెలుసు. నేను రాసిన ప్రతి పేపర్లోనూ "తగినంత ఉప్పు కలిపాము" అన్న వాక్యం ఉంది. కలిపింది మాత్రం నేను కాదు. ప్రతి ట్యూబుకీ తూకం వేసి, ముందురోజే సర్ది పెట్టింది ఆయన. ఆ పేపర్లలో ఒక్కదాంట్లోనూ ఆయన పేరు లేదు.

మర్నాడు పొద్దున్నే మళ్లీ ఆ ఊరెళ్లి, ఈసారి ఉప్పు వేసి బోరు నీళ్లు చూశాను, చక్కగా వెలిగాయి. అదే మైకు. "నీళ్లు బంగారంలా ఉన్నాయండీ, తప్పు నాది, ఉప్పు వెయ్యడం మర్చిపోయాను" అని చెప్పాను. పెద్దావిడ నన్ను ఎగాదిగా చూసి, "కూరలోనైనా గుర్తుంటుందా?" అంది. ఊరంతా నవ్వింది. ఆ తోడల్లుడి ఇంటికి కూడా వెళ్లాను. రంగారావు గారు నాకంటే ముందే వచ్చి గుమ్మంలో నిలబడి ఉన్నారు. లోపలికి రమ్మని మాత్రం ఇంకా ఎవరూ అనలేదు. నేను దండం పెట్టి చెప్పాల్సింది చెప్పాను. ఆ తోడల్లుడు విన్నాడు. "సరేనమ్మా" అన్నాడు. అంతే. మనవరాల్ని ఆ రోజు బడికి పంపలేదట.

అక్కణ్నుంచి కారు తిన్నగా భవానీపురం పోనిచ్చాను. మస్తాన్ గారి భార్య రజియా గారు తలుపు తీశారు. రెండు నెలలు ఆలస్యంగా వచ్చానని ఒక్క మాట కూడా అన్లేదు. టీ పెట్టారు. జరిగిందంతా చెప్పి, ఆయన విలువ నాకిప్పుడు తెలిసిందండీ అన్నాను. నోట్లోంచి వచ్చాక ఎంత చెత్త మాటో అనిపించింది.

ఆవిడ టీ కప్పు నా ముందుకి జరిపి అన్నారు. "మీ గదిలో వెలిగే నీళ్లున్నాయని రోజూ చెప్పేవారమ్మా. ఒకసారి చూపించమంటే, మేడం గారిని అడగాలి, బిజీగా ఉంటారు అనేవారు."

పద్దెనిమిదేళ్లలో ఆయన నన్ను అడగలేదు. నేనూ ఎప్పుడూ రమ్మన్లేదు.

నిన్న మధ్యాహ్నం ఆవిణ్ని ల్యాబ్‌కి తీసుకొచ్చాను. ట్యూబు నేనే కడిగాను. ఉప్పు నేనే తూచాను, రెండుసార్లు. చీకటి గదిలో ఆయన స్టూలు మీద కూర్చోబెట్టి లైటు ఆపేశాను. ట్యూబులో నీలం వెలుగు మెల్లిగా కనబడింది. ఆవిడ ఏడుస్తున్నారేమో, చెయ్యి పట్టుకోవాలా వద్దా అని ఆ చీకట్లో తడుముకుంటున్నాను.

అప్పుడు అన్నారండీ, చాలా మర్యాదగా.

"ఇంతేనా అమ్మా?"

ఆయన చెప్పింది వినీ వినీ, ప్రకాశం బ్యారేజీ లైట్లన్నీ ఆ గదిలోనే ఉంటాయనుకున్నారట. నాకు నవ్వొచ్చింది, ఆవిడకీ వచ్చింది. చాలాసేపు నవ్వాం. తర్వాత ఇద్దరం ఏడ్చాం కూడా, లైటు వెయ్యకుండానే.

విదేశాల్లో పెద్దపెద్దవాళ్లు నా పేపర్లు చదివి పేజీలకి పేజీలు రివ్యూలు రాశారు. పద్దెనిమిదేళ్ల పనిని రెండు మాటల్లో తేల్చేసింది ఈవిడొక్కరే.