పీతల వేట ఆపేసిన వేసవి

మొన్న శనివారం సూపర్‌మార్కెట్‌లో చేపల విభాగం ముందు నిలబడ్డాను. గాజు తొట్టిలో పీతలు ఒకదాని మీద ఒకటి ఎక్కే ప్రయత్నంలో గోళ్లతో గోడను గీరుతున్నాయి. గరగరమనే ఆ సన్నటి చప్పుడు వినగానే రోజీ ఆంటీ గుర్తొచ్చింది. కౌంటర్ వెనకున్న కుర్రాడు ఏం కావాలని అడిగితే, ఏమీ వద్దని చెప్పి వచ్చేశాను. ఆమె పోయి రెండేళ్లు కావస్తోంది. ఈ ఊళ్లో ఆమె గురించి మాట్లాడుకోవడానికి నాకు ఎవరూ లేరు. అందుకే ఇలా రాసుకుంటున్నాను.

విడాకుల తర్వాత, అప్పటిదాకా కాపురమున్న ప్లేనోలో ఉండలేక, సియాటెల్‌కి ఉత్తరాన ఉన్న ఈ చిన్న ఊళ్లో ఉద్యోగం చూసుకుని వచ్చాను. ఆఫీస్, అపార్ట్‌మెంట్, మళ్లీ ఆఫీస్. వారాంతాల్లో గొంతు విప్పే అవసరమే ఉండేది కాదు. ఒక ఆదివారం సముద్రంలోకి పొడవుగా వెళ్లే చెక్క పియర్ మీద నడుస్తూ మా అక్కతో ఫోన్‌లో మాట్లాడుతున్నాను. కాల్ పెట్టేయగానే వెనక నుంచి "ఏ ఊరమ్మా మీది?" అని వినిపించింది. ఆవిడకు డెబ్భై దాటి ఉంటాయి. తల చుట్టూ స్కార్ఫ్, కాళ్లకు రబ్బరు బూట్లు, చేతిలో తాడు. ఆ తాడు చివర నీళ్లలో ఎక్కడో పీతల బుట్ట ఉంది. కాకినాడ దగ్గరి తీరం ఆవిడది. డయాలసిస్ నర్సుగా పనిచేసి రిటైరయ్యారు. భర్త పోయారు, పిల్లలు లేరు. ఇదంతా తాడు లాగుతూనే చెప్పేశారు. నేనూ ఓ చెయ్యి వేయబోయాను.

"పీతలు పట్టే లైసెన్స్ ఉందా?"

"లేదాంటీ."

"అయితే ముట్టుకోకు. కూర్చుని చూడు. వచ్చే వారం తీసుకుని రా."

ఆ రోజంతా కూర్చుని చూశాను. పీతను వెనక నుంచి పట్టుకుని తిప్పి చూసేది. పొట్ట కింది మడత వెడల్పుగా ఉంటే ఆడది, వెంటనే నీళ్లలోకి. మగదైతే పెంకు మీద ప్లాస్టిక్ కొలత పెట్టేది. వెంట్రుకవాసి తక్కువున్నా నీళ్లలోకే. పెంకు మెత్తగా ఉంటే అదీ అంతే. సాయంత్రానికి బకెట్‌లో మిగిలింది ఒక్కటే. దాన్ని వాళ్లింట్లో మిరియాలతో వండి నాకు పెట్టింది. ఎన్నో నెలల తర్వాత ఇంకో మనిషి ఎదురుగా కూర్చుని అన్నం తిన్నాను. నా ఆదివారాలు అలా ఆమెవి అయిపోయాయి.

ఆ పియర్ మీద ఆమెకు ఒక చిన్న జట్టు ఉండేది. అందరూ రిటైరైన తెల్లవాళ్లే. వాళ్లలో గ్యారీ అనే ఆయన ఒకప్పుడు స్కూల్ బస్సు నడిపేవాడు. ఆంటీ భుజం నొప్పి మొదలైన దగ్గర్నుంచి ఆమె బుట్టను కారు నుంచి పియర్ చివరిదాకా ఆయనే మోసేవాడు. ఆమె కోసం ఫ్లాస్కులో పాలు ఎక్కువ పోసిన కాఫీ తెచ్చేవాడు. ఇద్దరూ పెద్దగా మాట్లాడుకునేవారు కాదు. పక్కపక్కన కుర్చీలు వేసుకుని నీళ్లకేసి చూస్తూ కూర్చునేవారు. ఆమె తెలుగు చర్చి గంటన్నర దూరంలో ఉంది, డ్రైవింగ్ తగ్గించాక అక్కడికి వెళ్లడం బాగా తగ్గిపోయింది. రోజూ ఆమెను పేరు పెట్టి పిలిచే మనిషి గ్యారీ ఒక్కడే.

మరుసటి వేసవిలో మా తీరంలో సరదాగా పీతలు పట్టేవాళ్లకు సీజన్ మధ్యలోనే వేట ఆపేశారు. మా వాటా అయిపోయిందన్నారు. కానీ అదే నీళ్లలో మూలవాసుల, అంటే నేటివ్ అమెరికన్ తెగల పడవలు మాత్రం బుట్టలు ఎత్తుతూనే ఉన్నాయి. వాళ్ల తాతముత్తాతలు ఈ నేలంతా వదులుకుంటూ, చేపలూ పీతలూ పట్టుకునే హక్కును ప్రభుత్వంతో చేసుకున్న ఒప్పందంలో తమకోసం ఉంచుకున్నారు. పట్టదగిన దాంట్లో సగం వాళ్లదని ఆ తర్వాత కోర్టులు తేల్చాయి. మిగిలిన సగమే రాష్ట్రానిది. అందులోంచి వ్యాపారపు బోట్లకు కొంత, మాలాంటివాళ్లకు కొంత. ఖాళీ చేతులతో పియర్ మీద కూర్చున్నవాళ్లకు ఇవేవీ ఓదార్పు కాలేదు. ఎదురుగా కనిపించే పడవల మీదికే వాళ్ల కోపం మళ్లింది.

కమ్యూనిటీ హాల్‌లో మీటింగ్ పెట్టారు. తమ అందరి తరఫున మాట్లాడమని గ్యారీ ఆంటీని అడిగాడు. "నువ్వు చెబితే వింటారు, రోజీ" అన్నాడు. ఆమె సరేనంది. ఆ సాయంత్రం ఆయన కారులోనే వచ్చింది. నేను ఆఫీస్ నుంచి నేరుగా వెళ్లి వెనక వరసలో కూర్చున్నాను. ముందు వరసలో మూలవాసుల వైపు నుంచి వచ్చిన ఒక పడవ యజమానురాలు చేతులు కట్టుకుని కూర్చుని ఉంది. సముద్రం అందరిదీ, ఒకరికి ఒక రూలు ఇంకొకరికి ఇంకో రూలు ఏమిటని ఒకరి తర్వాత ఒకరు అడుగుతున్నారు. ఆంటీ వంతు వచ్చింది. మైకు ఆమెకంటే ఎత్తుగా ఉంది. గ్యారీయే లేచి వెళ్లి దాన్ని కిందికి దించాడు.

"మా నాన్నకి చిన్న పడవ ఉండేది" అని ఇంగ్లీషులో మొదలుపెట్టింది. "ఒడ్డుకు దగ్గరి నీళ్లు చిన్న పడవలవని గవర్నమెంట్ చెప్పింది. పెద్ద మరబోట్లు వచ్చి ఆయన వలలు చింపుకుని పోయాయి. ఆఫీసుకి వెళ్లి అడిగితే, సముద్రం అందరిదీ కదయ్యా అన్నారు. అదే మాట ఇవాళ ఇక్కడ విన్నాను. ఈ వేసవి పోయిందని నాకూ బాధగా ఉంది. ఈ వయసులో ఇంకెన్ని వేసవులు ఉంటాయో తెలీదు. కానీ వీళ్లది మనం దయతలచి ఇచ్చిన వాటా కాదు. అన్నీ ఇచ్చేసి వాళ్లు ఉంచుకున్నది. మన సగం మనకు చాలకపోతే, ఆ సగాన్ని ఎలా పంచుతున్నారో అడుగుదాం."

చప్పట్లు లేవు. ఆమె తిరిగి వచ్చేసరికి గ్యారీ కుర్చీ ఖాళీగా ఉంది. బయటికొచ్చి చూస్తే కారు కూడా లేదు.

నేనే ఇంటికి తీసుకెళ్లాను. "మాట్లాడినందుకు బాధ లేదే" అంది దారిలో. "గ్యారీకి ముందే చెప్పాల్సింది. చెబితే వద్దంటాడు, ఆయన వద్దంటే ఆగిపోతానేమోనని భయపడ్డాను." తర్వాత స్కార్ఫ్ అంచుతో ముఖం తుడుచుకుని, "ఇక్కడ నాకు వాళ్లు తప్ప ఎవరున్నారే?" అంది. నేనున్నానని అనబోయాను. ఆదివారం తప్ప మిగతా రోజుల్లో నేను ఉండను కదా అని తోచి ఊరుకున్నాను.

తరువాతి ఏడు సీజన్ మొదలయ్యేసరికి గ్యారీ తన కుర్చీని పియర్ మొదట్లోకి మార్చుకున్నాడు. మిగతావాళ్లూ అక్కడే చేరారు. ఆంటీ చిన్న బుట్ట ఒకటి కొనుక్కుని, చక్రాల బండి మీద తోసుకుంటూ వాళ్ల ముందునుంచే చివరికి వెళ్లేది. "గుడ్ మార్నింగ్, గ్యారీ" అనేది. ఆయన నీళ్లకేసి చూసేవాడు. ఎందుకాంటీ ఇంకా పలకరించడం అంటే, "ఆయన మీద నాకేం కోపం?" అనేది. పొద్దున వెళ్లి సాయంత్రం దాకా ఒక్కతే కూర్చునేది. ఆ వేసవంతా ఆమె ఒక్కరోజు కూడా మానలేదు.

ఆ చలికాలంలో నిద్రలోనే పోయింది. అంత్యక్రియలకు చర్చి వాళ్లు వచ్చి తెలుగులో ప్రార్థన చేశారు, పాటలు పాడారు. బయటికి వస్తే పార్కింగ్‌లో కారుకి ఆనుకుని గ్యారీ కనిపించాడు, సూటు వేసుకుని. లోపలికి రాలేదు. నేను దగ్గరికి వెళ్లాను.

"ఆమె చెప్పింది నాకు నచ్చలేదు, ఇప్పటికీ నచ్చదు" అన్నాడు. "కానీ నా కోపం దానికి కాదు. ఆ సాయంత్రం మీటింగ్‌కి వెళ్లే దారి పొడవునా నా పక్కనే కూర్చుంది. మైకు దించి పెట్టింది నేను. ఒక్క ముక్క ముందు చెప్పలేదు."

"చెప్పాల్సిందని ఆవిడా అన్నారు, ఆ రాత్రే."

ఆయన నా ముఖంలోకి చూశాడు. "నాతో అనలేదే" అన్నాడు. "రోజూ గుడ్ మార్నింగ్ మాత్రమే చెప్పింది." కారెక్కి, ఇంజిన్ స్టార్ట్ చేయకుండా అలాగే కూర్చుండిపోయాడు.

ఆ ఇద్దరి మధ్య ఆగిపోయిన ఆ ఒక్క మాట గురించే నేను ఎక్కువగా ఆలోచిస్తుంటాను. అంతమంది ముందు లేచి మాట్లాడగలిగిన మనిషి, పక్క కుర్చీలోని స్నేహితుడితో ఆ సంగతి ముందే చెప్పలేకపోయింది. ఆమె దగ్గర నేను రెండూ నేర్చుకున్నాను, ఆమె చేసినదీ, చేయలేకపోయినదీ. పోయిన వేసవిలో ఈ చుట్టుపక్కల ఊళ్ల తెలుగువాళ్లు పిక్నిక్ పెట్టుకుని, పిల్లల పేర్ల మీద కూడా లైసెన్స్ కార్డులు తీసుకుని, మనిషికి ఇన్నేనన్న హద్దు దాటి పెద్దవాళ్లే ఎక్కువ పీతలు పట్టాలనుకున్నారు. వాట్సాప్ గ్రూపులో అందరికీ కనిపించేలా వద్దని రాయబోయి ఆగాను. దాన్ని ఏర్పాటు చేస్తున్న సునీత నాకు ఇక్కడ దొరికిన ఒకే ఒక్క స్నేహితురాలు. వాళ్లింటికి వెళ్లి, ఆమె వంటింట్లో నిలబడి చెప్పాను, "నేను రాను, గ్రూపులో కూడా వద్దనే రాస్తాను. ముందు నీకు చెబుదామని వచ్చాను" అని. "నీకెందుకింత పట్టింపు?" అంది. చెప్పాను. ఆమెకు నచ్చలేదు. అయినా పొయ్యి మీదున్న టీ వడపోసి నా చేతికిచ్చింది. తాగి ఇంటికొచ్చి, చెప్పినట్టే గ్రూపులో రాశాను. ఆ తర్వాత సునీత నుంచి ఫోన్ రాలేదు. నేను మాత్రం అప్పుడప్పుడు చేస్తుంటాను.