ఇంటికొచ్చే నోటరీ, మా నంజుండప్ప మామ

నిన్న పొద్దున కాఫీ తాగుతుంటే మెసేజ్ వచ్చింది. "నాన్న ఇక లేరు." మామ పెద్దమ్మాయి పంపింది.

చదివాను. మళ్ళీ చదివాను. కాఫీ చల్లారిపోయింది.

ఎనభై దాటిన మనిషే. ఏడాదిగా మంచం మీదే ఉన్నాడు. అయినా షాకే. కొంతమంది ఎప్పటికీ ఉంటారని మనకి మనమే అనేసుకుంటాం.

ఈ గ్రూప్‌లో చిన్నవాళ్ళకి ఆయన తెలియదు. మొన్న మారతహళ్ళిలో మా అల్లుడు ఫోన్‌లో బుక్ చేసి నోటరీని ఫ్లాట్‌కే పిలిపించాడు. రెంటల్ అగ్రిమెంట్ అరగంటలో అయిపోయిందని ఒకటే గొప్పలు.

నేను నవ్వుకున్నాను. మా కాటన్‌పేటకి ఆ సర్వీసు డెబ్బైల చివర్లోనే ఉండేది. దాని పేరు నంజుండప్ప మామ.

మాకు రక్తసంబంధం ఏమీ లేదు. మా అమ్మని అక్కా అనేవాడు, కాబట్టి నాకు మామ.

పాత స్కూటరు, దానికి ఒక రెక్సిన్ బ్యాగు. అందులో సీలు, ఇంకు ప్యాడు, రిజిస్టరు. ఆఫీసు మొత్తం అంతే. అందరిలాగా కోర్టు దగ్గర టేబుల్ వేసుకుని కూర్చోవచ్చు కదా అంటే, "కోర్టుకి రాలేనోళ్ళకే కదప్పా నాతో పని ఉండేది" అనేవాడు.

ఆయన రూట్ మ్యాప్ భలే ఉండేది. మా పేటలో రాహుకాలంలో ఎవరూ సంతకం పెట్టరు. చీరల షాపు సేట్ల నుంచి మగ్గం నేసేవాళ్ళ దాకా ఇదే పట్టుదల. అందుకని ఆ గంటన్నరా స్కూటరు ఫ్యాక్టరీలుండే పీణ్యకి తిప్పేవాడు. "మెషీన్లకి రాహుకాలం లేదు" అని ఆయన థియరీ.

ఆయనకి ఒక్కటే రూల్. కాగితం చదివి వినిపిస్తాడు. సంతకం పెట్టే మనిషి దాన్ని సొంత మాటల్లో తిరిగి చెప్పాలి. చెప్తేనే సీలు.

పీణ్యలో ఒక ఫ్యాక్టరీ ఓనరుకి కోపం వచ్చింది. "నేను ఇంజనీరింగ్ చదివినోణ్ణి, నాకు చెప్పేదేమిటి?"

"అయితే ఇంకా బేగ చెప్తావు. చెప్పప్పా."

ఆ పెద్దమనిషి మొదలుపెట్టి రెండో పేజీలోనే ఆగిపోయాడు. పార్ట్‌నర్‌షిప్ డీడ్‌లో తన వాటా ఎంతో తనకే తెలియదు! నేను అక్కడే పనిచేసేవాణ్ణి. లేత్ మెషీను వెనక దాక్కుని నవ్వాను.

ఆ నవ్వు నాకు ఎక్కువ రోజులు దక్కలేదు.

ఇది ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు. ఎనభైల మొదట్లో సంగతి. నాకప్పుడు ఇరవై నాలుగు. పీణ్యలో సొంత షెడ్ పెట్టాలని పిచ్చి. చేతిలో పైసా లేదు. ఉన్నదల్లా అమ్మ పేరు మీద ఇల్లు. నాన్న పోయాక అమ్మ ఆ ఇంటి వెనక గదిలోనే మగ్గం నేసేది.

ఇల్లు అమ్మే అధికారం నాకు ఇస్తున్నట్టు ఇంగ్లీషులో పవర్ ఆఫ్ అటార్నీ టైప్ చేయించాను. అమ్మకి చదువు రాదు. "షెడ్‌కి కరెంటు లైను కావాలంటే నీ వేలిముద్ర కావాలమ్మా" అన్నాను.

అబద్ధం. పచ్చి అబద్ధం. తర్వాత ఇంతకన్నా మంచి ఇల్లు కొనిపెడతాలే అని నాకు నేనే సర్ది చెప్పుకున్నాను.

మామ ముందు తప్ప అమ్మ వేలిముద్ర వేయదు, అందుకే ఆయన్నే పిలిచాను. మామ వచ్చాడు. కాఫీ తాగాడు. కాగితం మొత్తం మౌనంగా చదివాడు. నా వైపు చూశాడు. గుమ్మడికాయ దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు నేను తల దించుకున్నాను.

తిట్టలేదు. కాగితం నా చేతికిచ్చాడు.

"ఇంగ్లీషు చదివి కండ్లు నొస్తా ఉండాయి. అక్కకి నువ్వే తెలుగులో చెప్పప్పా."

కాగితం అటూ ఇటూ తిప్పాను. ఆయన తొందరపెట్టలేదు. చివరికి చెప్పాను. ఇల్లు అమ్మే హక్కు నాది, అడిగే హక్కు అమ్మకి ఉండదు అని.

అమ్మ చుడుతున్న నూలు కండె పక్కన పెట్టింది.

"అమ్మేస్తే నేను యాడ ఉండేదప్పా?"

కోపంగా అడగలేదు. నిజంగా తెలియక అడిగింది. ఆ ప్రశ్న ఇప్పటికీ నన్ను పొడుస్తుంది.

మామ సీలు తీయనే లేదు. గడప దాకా నన్ను తీసుకెళ్ళి మెల్లగా అన్నాడు.

"నువ్వు చెడ్డోడివి కాదు. అడిగేదానికి భయపడినావు. అడుగు."

అమ్మ మూడు రోజులు నాతో మాట్లాడలేదు. నాలుగో రోజు నేను అడిగాను. ఏడుస్తూ అడిగాను. "పోయి మామని పిలుచుకోని రా" అంది.

ఈసారి మామే కన్నడలో రాశాడు. వీధి వైపు సగం నేను అమ్ముకోవచ్చు. వెనక సగం, మగ్గంతో సహా, అమ్మది. దాని మీద ఎవరికీ ఏ అధికారమూ లేదు. తెలుగులో చదివి వినిపించాడు. అమ్మ పొల్లుపోకుండా తిరిగి చెప్పింది. చెప్పి, "వీడు మంచోడేనప్పా, ఆత్రం జాస్తి" అని కూడా కలిపింది.

"అది కాగితంలో లేదక్కా" అని నవ్వి సీలు వేశాడు.

షెడ్ వచ్చింది. ఆరేళ్ళకి మూతపడింది కూడా. ఎవరూ మోసం చేయలేదు, నా తెలివితక్కువే.

మెషీన్లు అమ్మేసిన సాయంత్రం నేను, నా భార్య, ఇద్దరు పిల్లలు, నాలుగు పెట్టెలతో వెళ్ళి నిలబడింది ఆ వెనక గది ముందే. అమ్మ మగ్గం ఒక పక్కకి జరిపించి మాకు చాప వేసింది.

నా మొదటి కాగితం మీద సీలు పడి ఉంటే మాకు ఆ చాప కూడా ఉండేది కాదు.

మామ ఈ సంగతి బతికినన్నాళ్ళూ ఎవరి దగ్గరా ఎత్తలేదు. పెళ్ళిళ్ళలో కనబడితే "ఏమప్పా, బాగుండావా?" అని భుజం తట్టేవాడు, అంతే. థాంక్స్ చెప్పాలని ఎన్నోసార్లు అనుకున్నాను. సిగ్గు అడ్డొచ్చింది. అందుకే ఈరోజు నలుగురి ముందూ చెప్తున్నాను.

థాంక్స్ మామా. పోయిరా. అక్కడ నీకు చల్లగా, హాయిగా ఉండాలి.