మొయినాబాదులో ఆగిన నా విమానం

ఆ రోజుల్లో ఎంత దూరమని మైళ్లు అడిగేవాళ్లం కాదు, దారిలో ఎన్నిచోట్ల ఆపుతున్నారని అడిగేవాళ్లం. అరవై తొమ్మిది ప్రత్యేక రాష్ట్ర ఉద్యమంలో బస్సు ఒకనాడు నడిస్తే మూడునాళ్లు నడిచేది కాదు, రైళ్ల సంగతి దేవుడికెరుక. సరిగ్గా అప్పుడే గన్నవరంలో ఉన్న మా అక్కకు నెలలు నిండాయి. తోడుగా నన్ను రమ్మంటూ బావ ఏకంగా విమానం టికెట్టే పంపి, "బేగంపేట నుంచి నూట యాభై మైళ్లు, గంటలో దిగుతావు" అని ఉత్తరం రాశాడు. (బేగంపేట దాకా ఎట్లా రావాలో మాత్రం రాయలేదు.) పెళ్లికాని పంతొమ్మిదేళ్ల నేను ఆ ఉత్తరాన్ని చేవెళ్లలో చదువొచ్చిన వాళ్లందరికీ చూపించాను, రానివాళ్లకు చదివి వినిపించాను.

విమానం రేపు పొద్దున అనగా, మా బాపు తెల్లవారకముందే ఎడ్లబండి కట్టాడు. మొయినాబాదు చేరేసరికి మధ్యాహ్నమైంది. రోడ్డుకు అడ్డంగా బండరాళ్లు, వాటి వెనక పదిహేను మంది కాలేజీ పిల్లలు. "యాడికి పోతున్రు బాపూ?" అని అడిగారు. గన్నవరం పేరెత్తితే, అవతలి ప్రాంతమని బండి వెనక్కి తిప్పిస్తారని బాపు భయం. అబద్ధమాడటం ఆయనకు చేతకాదు. అందుకని సగం నిజం చెప్పాడు: "బిడ్డ కాన్పుకు పోతున్నం, జర దారి ఇయ్యుండ్రి." అందరూ నావైపు చూశారు. అక్క కోసం అవ్వ చేసిన సకినాల మూటను, దుమ్ము పడకుండా, కొంగు కింద పొట్టకు అదిమి పట్టుకుని కూర్చున్నాను నేను.

"అయ్యో, ఈ అక్కకు నొప్పులొస్తున్నయ్! రాళ్లు తియ్యుండ్రిరా!" నేను నోరు తెరిచేలోపు ఎవరింట్లోంచో మంచం వచ్చింది. "ఈ బిడ్డకు కాదయ్యా" అని బాపు మొత్తుకున్నా వినేవాడు లేడు. నలుగురు మోస్తుంటే మిగిలినవాళ్లు నినాదాలిస్తూ ముందు పరిగెత్తారు (అక్క సల్లగుండాలె అని ఒకటి కొత్తగా చేర్చారు). దవాఖానలో మంత్రసానమ్మ అందర్నీ బయటికి పంపి, కొంగు తొలగించి, మూట విప్పింది. తర్వాత ఒక సకినం తీసి కొరికి, "బిడ్డ కరకరలాడుతున్నది" అంది.

సంగతంతా చెప్పి, ఎట్లైనా బయటపడేయమన్నాను. "ఇప్పుడే చెప్తే ఆళ్ల మొఖాలు చిన్నబోతయ్. జర ఆగు, ఆళ్లే పోతరు" అంది. వాళ్లు పోలేదు. గుమ్మం ముందే కూర్చుని గంటకోసారి "ఏం బిడ్డ?" అని అడుగుతూనే ఉన్నారు. మర్నాడు పొద్దున ఒక విమానం మా తలల మీదుగా పోయింది. బాపు కళ్లకు చేయి అడ్డం పెట్టుకుని చూసి, "గది నీదే కావచ్చు" అన్నాడు. అప్పుడు మంత్రసానమ్మ బయటికెళ్లి, "ఉత్త నొప్పులే, ఇంక నెల పడ్తది" అని వాళ్లను సాగనంపింది.

నాలుగు రోజులకు రైలు దొరికింది. ఎక్కిస్తూ బాపు, "బావకు వేరే విమానంల వచ్చిన అని చెప్పు బిడ్డా. పాపం, మనసు వెట్టి టికెట్ పంపిండు" అన్నాడు. (ఆయన నేర్పిన ఒకే ఒక్క అబద్ధం.) అప్పటికే అక్కకు కొడుకు పుట్టాడు. "గంటే పట్టింది కదా?" అని బావ మురిసిపోతుంటే, "గంట కూడా పట్టలేదు బావా" అన్నాను. మబ్బుల్లో చలేసిందని కూడా చెప్పాను.

నేను నిజంగా విమానమెక్కింది అరవై ఏళ్లు దాటాక, అక్కతోనే. "నీకు అలవాటే గద, జర నాకు బెల్టు పెట్టు" అంది. నా బెల్టే దొరకక తడుముకుంటున్న నేను, "అప్పటి బెల్టులు వేరే ఉండె అక్కా" అన్నాను. పక్క సీటాయన ఇద్దరికీ పెట్టాడు. విమానం లేస్తుంటే అక్క నా చేయి గట్టిగా పట్టుకుంది. "అమ్మో" అన్నది మాత్రం నేనే. ఆమె కిటికీ వైపు తిరిగి నవ్వుకుంది.