లేని విమానానికి ఎత్తిన చెయ్యి

నా నాలుగేళ్ల బిడ్డ చేత బడిలో అందరి ముందూ సారీ చెప్పించమన్నారు. చెప్పించలేదు. ఇన్నేళ్ల తర్వాత కూడా ఆ విషయంలో నాకు ఇసుమంతైనా పశ్చాత్తాపం లేదు. పిల్లకు పొగరు నేర్పానని అప్పట్లో మా చుట్టాలు చాటున అనుకున్నారు. అనుకోనీ.

శంషాబాద్‌లో విమానాలు దిగడం మొదలైన ఏడాదే అది పుట్టింది. మా ఇల్లు సరిగ్గా అవి కిందికి దిగే దారిలో ఉండేది. విమానం వచ్చిందంటే గూట్లో గిన్నెలు గలగలమనేవి, పక్కనున్న మనిషి మాట కూడా వినపడేది కాదు. మా అత్తమ్మ ఈ గట్టు మీంచి ఆ గట్టుకు కేకేసి మాట్లాడుతూ బతికిన మనిషి. మొదట్లో విమానంతో పోటీపడి అరిచింది. గొంతు పోయింది. తర్వాత ఒక ఉపాయం కనిపెట్టింది. చప్పుడు మొదలవగానే అరచెయ్యి పైకెత్తేది. ఇంట్లో అందరం ఎక్కడి మాట అక్కడ ఆపాలి. విమానం పోయాక చెయ్యి దించి, ఆగిన మాట నుంచే మళ్లీ అందుకునేది. మెల్లగా అది వాడకట్టంతా పాకింది. కూరగాయలమ్మే ఆమె కూడా బేరం మధ్యలో చెయ్యెత్తేది.

నా బిడ్డ మాటల కంటే ముందు ఆ చెయ్యి నేర్చుకుంది. రెండేళ్లప్పుడు దాని హాస్యమంతా గ్లాసు నెత్తిన బోర్లించుకోవడమే. మేం నవ్వితే నవ్వేది, ఎందుకు నవ్వామో దానికి తెలియదు. మూడు దాటాక ఒకరోజు మా అత్తమ్మ, అత్తాపూర్‌లో జరిగిన పెళ్లిలో తనను ఎవరూ సరిగా పలకరించలేదని మండిపడుతూ చెబుతోంది. నేను జొన్నరొట్టెలు చేస్తున్నాను. కథ మంచి పట్టులో ఉండగా పిల్ల చెయ్యెత్తింది. అత్తమ్మ టక్కున ఆగింది. రొట్టె తడుతున్న నా చెయ్యీ ఆగింది. ఇద్దరం చెవులు రిక్కించాం. ఆకాశంలో ఏమీ లేదు. పిల్ల పెదాలు బిగబట్టి నానమ్మ ముఖం, నా ముఖం మార్చి మార్చి చూస్తోంది.

"ఓసి దొంగదానా! నన్నే ఆగం చేస్తివా?" అని అత్తమ్మ అనడమే ఆలస్యం, పిల్ల నేలమీద పడి దొర్లి దొర్లి నవ్వింది.

నాకు పెద్ద చదువు లేదు. అయినా ఆ రోజు అది ఎంత పని చేసిందో నాకు అర్థమైంది. మేం ఏం వింటామో, ఏమనుకుంటామో ముందే ఊహించి, లేని విమానాన్ని మా తలల్లోకి తెచ్చింది. ఎప్పుడు చేయకూడదో కూడా దానికి తెలుసు. మా అత్తమ్మ చెల్లెలు పోయినప్పుడు, సగం ఎత్తిన చేతిని నానమ్మ ముఖం చూసి దించేసుకుంది. పోయి ఆమె ఒళ్లో కూర్చుంది.

ఎల్‌కేజీలో వేసిన కొన్నాళ్లకు డైరీలో రాసి పంపారు. పాపకు పెద్దలంటే గౌరవం లేదట, టీచరును వెక్కిరిస్తోందట, సారీ చెప్పించాలట. జరిగింది ఇదీ: టీచరు గట్టిగా మాట్లాడుతుంటే మా పిల్ల చెయ్యెత్తింది. ఆ టీచరుదీ ఈ చుట్టుపక్కల ఊరే, అలవాటు కొద్దీ ఆగింది. క్లాసంతా గొల్లుమంది. పిల్లను తలుపు బయట నిలబెట్టారు.

ఆ వారమంతా నిజం విమానాలు వచ్చినా అది చెయ్యెత్తలేదు. రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని కూర్చునేది. మా అత్తమ్మ ప్రాణం ఉసూరుమంది. దాన్ని నవ్వించాలని ఒక సాయంత్రం తనే ఉత్తుత్తిగా చెయ్యెత్తింది.

"నానమ్మా, గట్ల చెయ్యకు. బయట నిలవెడ్తరు," అంది పిల్ల.

నాకు కోపం నషాళానికంటింది. దగ్గర కూర్చోబెట్టుకుని అడిగాను. "గా రోజు ఎందుకు చేసినవ్ బిడ్డా?"

"నా పక్కపిల్ల ఏడుస్తుండె. టీచర్ తిడ్తనే ఉండె. చెయ్యెత్తితే ఆగుతది గద?"

నా పెనిమిటి ఎయిర్‌పోర్టు దగ్గర క్యాబ్ నడుపుతాడు, గొడవలంటే పడదు. "సారీ చెప్తే ఏం పోతది, ఇగ ఊకో," అన్నాడు. ఏం పోతుందో వారం రోజులుగా ఇంట్లో చూస్తూనే ఉన్నాను. మర్నాడు పిల్లను వెంటబెట్టుకుని బడికి వెళ్లాను.

పెద్ద మేడం మర్యాదగానే కూర్చోమంది. "క్లాసులో అందరి ముందూ సారీ చెప్పించండి. విమానం రాకుండా వచ్చిందనడం అబద్ధమేనండీ. ఇప్పుడే మాన్పించకపోతే ఎలా?" అంది.

"అబద్ధమైతే దాచుకుంటది మేడం. ఇది దాచుకోదు. మీరు ఎప్పుడు పసిగడ్తరా, ఎప్పుడు మీతోని కలిసి నవ్వుదామా అని మీ మొఖం దిక్కే చూస్తది," అన్నాను. "పాఠం చెప్తున్నప్పుడు చెయ్యొద్దని ఇంట్ల నేను చెప్త. కానీ పక్కపిల్ల ఏడుస్తుంటే ఆపినందుకు సారీ మాత్రం చెప్పియ్య."

ఆమె నోరు తెరిచేలోగా నిజంగానే విమానం వచ్చింది. కిటికీ అద్దాలు అదిరాయి. పెద్ద మేడం తనకు తెలియకుండానే చెయ్యెత్తింది. చప్పుడు పోయేదాకా ముగ్గురం అలాగే ఉన్నాం. నా బిడ్డ ఆ చేతినే చూస్తోంది.

చెయ్యి దించాక ఆమె గొంతులో మర్యాద తగ్గింది. పిల్లను వదిలి నన్ను పట్టుకుంది. "చదువూ సంధ్యా లేని ఇళ్ల నుంచి వచ్చే పిల్లలతో మాకు ఇదే బాధ. పెంపకం ఎక్కడి నుంచి వస్తుంది?" అంటూ మొదలుపెట్టింది. నేను నోరున్నదాన్నే. కానీ ఆ మాటకు కళ్లలో నీళ్లు తిరిగాయి. బిడ్డకు కనపడకూడదని తల తిప్పుకున్నాను. అది అప్పటికే చూసింది.

వారం రోజులుగా ఒళ్లోంచి లేవని ఆ చిన్న చెయ్యి లేచింది.

పెద్ద మేడం మాట మధ్యలో ఆగిపోయింది. తలెత్తి చెవి ఒగ్గింది. ఫ్యాను చప్పుడు తప్ప ఏమీ లేదు. నా బిడ్డ ఈసారి పెదాలు బిగబట్టలేదు, నవ్వలేదు. ఆమె ఆగిందా లేదా అని చూసింది. తర్వాత నా ముఖం చూసింది.

ఆ చెయ్యి దించమని పెద్ద మేడం నాకు కళ్లతోనే సైగ చేసింది. నేను దించలేదు. బిడ్డకు నొప్పి పుడుతుందేమోనని దాని మోచేతి కింద నా చెయ్యి పెట్టి పట్టుకున్నాను.