ఆగ్నేయంలో ప్యానలు, వాయవ్యంలో మోటారు

మా బావగారికి రెడ్డిగూడెం దారిలో మామిడి గుజ్జు ఫ్యాక్టరీ ఉంది. మా తోట కాయ కూడా అక్కడికే వెళుతుంది. నిరుడు అక్కడి కోల్డు రూము కంప్రెసరు తిప్పే హైటెన్షన్ మోటారుకు, స్పీడు పెంచి తగ్గించే డ్రైవు కొత్తగా పెట్టించారు. పెట్టిన సీజన్లోనే మోటారు వైండింగు రెండుసార్లు కాలిపోయింది.

రెండోసారి చుట్టించి తెచ్చేసరికి రూము నిండా రసాలు మగ్గి వాసన కొడుతున్నాయి.

"ఇంకా చూస్తారేంట్రా, స్విచ్చి వెయ్యండి!" అన్నారు బావగారు.

డ్రైవు అమ్మినవాళ్ళు పంపిన ఇంజినీరమ్మాయి అడ్డం పడింది. "వద్దు బాబాయిగారూ, మళ్ళీ కాలిపోద్ది. అసలు డ్రైవు ప్యానలు మోటారుకు ఇంత దూరంలో ఎందుకు పెట్టించారండీ?"

"కరెంటంటే అగ్ని కదమ్మా. ఆగ్నేయంలో కాక ఈశాన్యంలో పెట్టమంటావా?"

"మరి మోటారు వాయవ్యంలో ఉందే!"

"అది గాలి మూల. కంప్రెసరు పని గాలే కదా?"

నేనూ మా తోటికోడలూ కొంగులు అడ్డం పెట్టుకుని నవ్వాం. షెడ్డు ఈ మూల నుంచి ఆ మూలకు కేబులు పాకింది మరి.

ఆ అమ్మాయి ఓపిగ్గా చెప్పింది. డ్రైవు కరెంటును కుదుపులు కుదుపులుగా పంపుతుందట. పొడుగు కేబులుకు తనదంటూ ఓ ఊపు ఉంటుందట. కుదుపూ ఊపూ కలిశాయంటే, మోటారు దగ్గరకొచ్చేసరికి వోల్టేజి ఎగిసిపడి వైండింగు మీది పొరను చీల్చేస్తుందట.

నాకు నీళ్ళ బిందె గుర్తుకొచ్చింది. నడకా నీళ్ళూ ఒకే ఊపులో పడితే ఒళ్ళంతా తడుస్తుంది. "మేం నీళ్ళలో ఓ ఆకురెమ్మ వేసుకుంటాం, తొణక్కుండా. అలాంటిదేం లేదా అమ్మాయ్?"

"ఉంది పిన్నిగారూ! ఫిల్టరంటారు. కాయిల్సూ కెపాసిటర్లూ రెసిస్టర్లూ ఉన్న పెట్టె. ఈ కేబులుకు తగ్గట్టు లెక్క కట్టించి, డ్రైవు దగ్గరే పెట్టాలి. వచ్చేదాకా ఆగాలంతే."

"నేనాగుతాను. కాయ ఆగొద్దూ?" అన్నారు బావగారు.

"కాయ సంగతి మాకొదిలెయ్యండి. మళ్ళీ మోటారు పోయిందంటే సీజనంతా పోద్ది," అంది తోటికోడలు.

గట్టి కాయను హనుమాన్ జంక్షన్‌లో తెలిసినవాళ్ళ కోల్డు రూముకు తోలించాం. మెత్తబడ్డదాన్ని రసం పిండి, ఫ్యాక్టరీ ముందే చాపలు పరిచి తాండ్ర పోశాం. మోచేతుల దాకా రసం, చుట్టూ ఈగలు. బావగారు కూడా పంచె ఎగ్గట్టి ఈగలు తోలారు.

ఫిల్టరు వచ్చింది, బిగించారు. ఆ అమ్మాయి మోటారు దగ్గర మీటరు పెట్టుకుని స్పీడు మెల్లగా పెంచుతూ పోయింది. తెరమీద గీత ఎక్కడా ఎగరలేదు. సాయంత్రానికి రూము తలుపు తీస్తే చల్లగాలి మొహాన కొట్టింది. మర్నాడు జంక్షన్ నుంచి మా కాయ వెనక్కొచ్చింది, ఒక్కటీ చెడలేదు.