లచ్చి దాటని వంతెన

మీ ఇంట్లోని పాత వస్తువును ఎవరైనా అరువు అడిగినప్పుడు, 'ఇవ్వను' అనడానికి మీకు నిజంగా వీలుండిందా? ఉండిందనే మీరు అనుకుంటారు. అడిగినవారు మర్యాదగా అడిగారు, మీరు తల ఊపారు, వ్యవహారం ముగిసింది. ఆ తల ఊపడాన్ని అంగీకారం అనవచ్చునా అన్నదే నా ప్రశ్న. నేను సినిమారంగంలో పనిచేసిన కొద్ది కాలంలో నాకు సమాధానం దొరకకుండా మిగిలిపోయిన ప్రశ్న కూడా అదే.

మూడేళ్ల కిందట, వేసవి ముగుస్తున్న రోజుల్లో, ఫిల్మ్‌నగర్‌లో చిత్రీకరణ జరుగుతున్న ఒక సినిమాకు నన్ను అసిస్టెంట్ డైరెక్టర్‌గా తీసుకున్నారు. హోదా రీత్యా దర్శకుడి తరువాత కో-డైరెక్టర్, ఆయన తరువాత అసోసియేట్, అందరి కంటె కింద మేము. నా వంతుకు కంటిన్యుటీ వచ్చింది. సినిమాను కథ వరుసలో తీయరు. తలుపు తెరిచే షాట్ ఈరోజు తీస్తే, లోపల అడుగు పెట్టే షాట్ వారం తరువాత తీయవచ్చు. గ్లాసులో నీళ్లు ఎక్కడిదాకా ఉన్నాయి, చొక్కా గుండీలు ఎన్ని పెట్టుకున్నారు, గోడ గడియారం ఎంత చూపిస్తోంది అన్నవి ఫోటోలు తీసి ఉంచుకుని, తరువాతి షాట్‌లో తేడా వస్తే చెప్పడం ఆ ఉద్యోగం. కళాశాలలో డిబేట్ జట్టులో ఉండి, ఎదుటివారి వాదంలో పొసగని చోటును పట్టుకోవడం నేర్చినదాన్ని గనుక ఆ పని నాకు నచ్చింది. ముప్పై నిండకముందే దాని నుంచి విరమించుకున్నాను. విశ్రాంత ఉద్యోగి అన్న మాట నా వయసుకు నప్పకపోవచ్చు. అంతకంటె సరైన మాట నాకు తెలియదు.

కథ తొంభైల నాటి ఒక కుటుంబానిది. అందులో పదేళ్ల కుర్రవాడికి పుట్టినరోజు కానుకగా వీడియో గేమ్ వస్తుంది. ఆర్ట్ డిపార్ట్‌మెంట్‌వారు మొదట తెచ్చిన యంత్రం నకలు సరుకు. మా దర్శకుడు కోస్తావారు, చూపు సూటిగా ఉండే మనిషి. అది అప్పటిది కాదని ఒక్క క్షణంలో పట్టేసి, అసలుది తెమ్మన్నారు. అసలుది ఎవరి దగ్గర ఉందో పరిశ్రమలో అందరికీ తెలుసు. జూబ్లీహిల్స్‌లోని ఒక స్టూడియోలో కలరిస్ట్‌గా పనిచేసే రాజేందర్ అన్న దగ్గర. తీసిన సినిమాకు చివర్లో రంగునూ వెలుగునూ సరిదిద్దే నిపుణుణ్ణి కలరిస్ట్ అంటారు. మా సినిమాకూ ఆయనే. పుట్టి పెరిగింది యూసుఫ్‌గూడలో, స్థిరపడింది శ్రీనగర్ కాలనీలో. తన పనితనం గురించి ఆయనకు ఏమాత్రం అనుమానం లేదు, ఎదుటివారికి ఉండనిచ్చేవాడూ కాదు.

చిత్రీకరణకు ముందురోజు వస్తువును చూసి రమ్మని నన్ను పంపారు. ఆయన ఇంట్లో ఒక గది గోడ పొడవునా అద్దాల బీరువాలు, వాటి నిండా జపాన్ యంత్రాల కోసం చేసిన పాత గేమ్ కాట్రిడ్జ్‌లు, అంటే యంత్రంలో గుచ్చే ఆట డబ్బీలు. చాలావరకు రోల్‌ప్లేయింగ్ రకం: నాయకుడికి మనమే పేరు పెట్టి, ఊరూరా తిప్పి, పోరాటాలు చేయించి, కొద్దికొద్దిగా బలం పెంచుకుంటూ నెలల తరబడి నడిపే కథలు. వాటిని ఆయన పెద్ద ఫ్లాట్ టీవీ మీద ఆడడు. గది మూల ఒక లావుపాటి ట్యూబ్ టీవీ ఉంచుకున్నాడు. ఎందుకని అడిగితే రెండింటి మీదా ఒకే బొమ్మ చూపించాడు. కొత్త టీవీ మీద నాయకుడి ముఖం ఇటుకలు పేర్చినట్టుంది. పాతదాని మీద ఆ చుక్కలే ఒకదానిలోకి ఒకటి కరిగి, చెంప మీద నీడ కనిపించింది. గీసినవాళ్లు ఈ గాజును చూసుకునే గీశారని ఆయన వివరించాడు.

ఆటలు కాలానికి నిలిచాయా అని అడిగాను. సేకరించేవారు సాధారణంగా ఇలాంటి ప్రశ్నకు నొచ్చుకుంటారు. ఆయన నొచ్చుకోలేదు.

"సగం ఇప్పుడు ఆడలేం చెల్లె. నాలుగడుగులేస్తే ఓ కొట్లాట. మ్యాప్ ఉండదు, ఊళ్లె ప్రతి ముసలాయనతోని మాట్లాడాలె. గంత ఓపిక గప్పుడుండె. ఆట ముసల్దయిందో, నేనయిన్నో."

రాజకుమారి ప్రతి ఆటలోనూ చెరలోనే ఎందుకుంటుందని కూడా అడిగాను. నవ్వి, అందరికంటె బాగా ఆడినామె రాజకుమారిని విడిపించడానికి ఎన్నడూ పోలేదని అన్నాడు. మేము యంత్రంతో పాటు అరువు అడగబోతున్న కాట్రిడ్జ్‌ను అప్పుడు బయటకు తీశాడు.

అది మస్కట్ నుంచి ఆయన చిన్నాయన తెచ్చినది. అందులో ఆటను మూడు చోట్ల దాచుకోవచ్చు, ఒక్కో చోటుకు ఒక్కో పేరు. దాచినది చెరిగిపోకుండా లోపల గుండీ అంత బ్యాటరీ ఒకటి కాపలా కాస్తుంది. అది నిలిచిపోతే మూడూ పోతాయి. మొదటి చోటు ఆయనది, మూడోది ఈమధ్య మొదలుపెట్టింది. రెండో చోట ఇంగ్లీషు అక్షరాల్లో 'లచ్చి' అని ఉంది. అది వాళ్ల అమ్మ పేరు. అత్తగారింట్లో ఆమె లక్ష్మమ్మ, కోడలు, వదిన, అమ్మ. లచ్చి అని పిలిచింది తల్లిగారి ఊరివాళ్లే. ఆటలో పేరు ఏం పెట్టాలని పిల్లవాడు అడిగితే ఆమె ఆ పేరు చెప్పిందట.

ఆమెకు ఇంగ్లీషు రాదు. మధ్యాహ్నం పని తీరాక కూర్చుని, మొదటి ఊళ్లోనే తిరిగేది. మూలికలు కొనేది, ఊరి చుట్టూ ఉన్న చిన్న పురుగులతో పోరాడేది, సత్రానికి వచ్చి పడుకునేది, దాచుకునేది. ఊరికి తూర్పున ఒక వంతెన ఉంది, దాని అవతలే కథ మొదలవుతుంది. ఆమె దాటలేదు. ఎందుకే అని కొడుకు విసుక్కుంటే, "ఈడ ఏం తక్కువైందిరా?" అనేదట. ఏళ్ల తరబడి ఆ చిన్న పురుగుల మీదే గెలిచి గెలిచి, కథను ముగించగలిగినంత బలం ఆమె నాయకుడికి వచ్చింది. కథ మాత్రం ఆమె మొదలే పెట్టలేదు. ఆమె పోయి అప్పటికి రెండేళ్లు. ఆయన అప్పుడప్పుడు ఆ ఆటను తెరిచి, సత్రం ముందు నిలబడ్డ లచ్చిని చూసి, మళ్లీ ఆపేసేవాడు.

బ్యాటరీ ఎన్నాళ్లుంటుందని అడిగాను. రేపే పోవచ్చునన్నాడు. దాచినదాన్ని కంప్యూటర్‌లోకి ఎత్తి ఉంచే పరికరం ఆయన దగ్గరే ఉంది. ఎందుకు వాడలేదన్న ప్రశ్నకు సేకరించేవారి సమాధానమే ఇచ్చాడు: "కాపీ తీస్తే అది జిరాక్స్ అయితది. ఒరిజినల్ అంటే ఒకటే ఉండాలె." అది తప్పు వాదమని నాకు అప్పుడే తోచింది. అయినా అతిథిగా వెళ్లినదాన్ని, వాదించలేదు.

చిత్రీకరణ రోజున ఆయన యంత్రాన్నీ కాట్రిడ్జ్‌నూ తానే తెచ్చాడు. ఎవరి చేతికీ ఇవ్వలేదు. కాట్రిడ్జ్ కొసలను స్పిరిట్‌తో తుడిచి తానే అమర్చాడు. ట్యూబ్ టీవీని కెమెరాతో తీస్తే తెర మీద నల్లని పట్టీ పాకుతుంది. కెమెరా షట్టర్‌ను టీవీ వేగానికి సరిపెడితే ఆగుతుంది. దానికే ఉదయమంతా పట్టింది. బాలనటులను ఇన్ని గంటలకు మించి సెట్‌లో ఉంచకూడదన్న నిబంధన ఉంది. పిల్లవాడి గంటలు దగ్గర పడుతున్నాయి. షాట్ ఇది: వెనుక నుంచి కెమెరా నడుచుకుంటూ వచ్చి, పిల్లవాడి భుజం మీదుగా తెరను చూపాలి, అతను కొత్త ఆట మొదలుపెట్టి తన పేరు రాసుకోవాలి. రిహార్సల్‌లో తెర వెలిగింది. మూడు పేర్లు కనిపించాయి.

మానిటర్ దగ్గర కూర్చున్న దర్శకుడు తల పైకెత్తారు. "ఇదేంటయ్యా, కొట్లోంచి ఇప్పుడే తెచ్చిన ఆట ఎవరో ముందే ఆడేసినట్టుందే?"

వాదంగా దానికి తిరుగులేదు. ఆయన గమనించకపోతే చెప్పవలసిన ఉద్యోగం నాదే. కొత్త ఆటలో పాత పేర్లు ఉండకూడదు. వాటిని తీసేయమన్నారు. నేను ఊరుకోలేదు, పేర్ల తెర దాటాకే కెమెరాను ఎత్తవచ్చునన్నాను. పేరు రాసుకోవడమే సీను కదా అన్నారు. పిల్లవాణ్ణి కొంచెం జరిపి ఆ భాగాన్ని అతని తలతో మరుగుపరచవచ్చునన్నాను. కెమెరా నడకను మళ్లీ సరిచూసుకోవాలని, అంత సమయం లేదని ఛాయాగ్రాహకుడు చెప్పాడు. చివరికి, పేర్లను ఇప్పుడు ఉండనిచ్చి తరువాత గ్రాఫిక్స్‌లో తీసేయవచ్చునన్నాను. అది మంచి వాదమని దర్శకుడు ఒప్పుకున్నారు, రాజేందర్ అన్న వైపు తిరిగి, నిపుణుడు కనుక ఆయననే అడిగారు. తరువాత చెరిపేయగలమా?

ఒక్క అవును సరిపోయేది. ఆ మాట ఆయన అంటాడని నేను ఎదురుచూశాను. లచ్చి ఎవరో అక్కడ ఆయనకు, నాకు తప్ప తెలియదు. అది నాతో ఇంట్లో చెప్పిన మాట. చెప్పవలసినవాడు ఎదుటే ఉండగా సెట్ మీద నేను చెప్పడం న్యాయమనిపించలేదు.

"చేయొచ్చు సార్," అన్నాడు. "కానీ కెమెరా కదులుతున్నది. పిలగాని తల అడ్డమొచ్చే కాడ తెర మెరుపు మారుతది. చూసేటోళ్లకు తెలుస్తది. మంచిగ రాదు."

అది పూర్తిగా నిజం. అడిగింది ఆయన వృత్తిని; జవాబు చెప్పింది కూడా వృత్తే. జీవితమంతా ఇతరుల షాట్లలోని మచ్చలను చెరిపిన మనిషి, తన చేతిమీదుగా ఒక మచ్చ మిగిలిపోతుందంటే ఒప్పుకోలేకపోయాడు. సినిమావాళ్లు తప్ప ఇంకెవరూ చేయలేని పొరపాటు ఇది: షాట్ బాగా రావాలంటే ఏం కావాలని అడిగితే, దానికోసం తాము ఏం వదులుకోవాలో లెక్కలోకి రాదు.

ఆట నడిపే కంట్రోలర్‌ను రాజేందర్ అన్న తన చేతిలోకి తీసుకున్నాడు. చెరిపే ముందు ఆట ప్రతిసారీ నిజమేనా అని అడుగుతుంది. గుర్తు 'వద్దు' మీదే ఆగి ఉంటుంది. 'సరే' మీదికి మనమే జరపాలి. ముందు తనది తీసేశాడు, తరువాత మూడోది. రెండోదాని దగ్గర లైట్‌మ్యాన్ ఒకరు, "అన్నా, గేమ్ ఓవరా?" అని పరాచికమాడితే అందరితో పాటు తానూ నవ్వాడు. గుర్తును జరిపి నొక్కాడు. లేచి, "పెట్టుకోండి సార్ షాట్" అన్నాడు. మొదటి టేక్‌లోనే ఓకే అయింది.

కొన్ని నెలల తరువాత జూబ్లీహిల్స్ స్టూడియోలో, చీకటి గదిలో, ఆయన ఆ సినిమాకు రంగులు దిద్దుతుంటే దర్శకుడి తరఫున నేను పక్కన కూర్చున్నాను. ఆ సీను వచ్చింది. పిల్లవాడు డబ్బా విప్పాడు, ముఖం మీద నీలి వెలుగు పడింది, తరువాతి షాట్‌లో అమ్మ వంటింట్లో ఉంది. పేరు రాసుకునే షాట్ లేదు. నిడివి ఎక్కువైందని ఎడిటింగ్‌లో తీసేశారట. తీయడం సబబే, సీను అది లేకుండానే బాగుంది. రాజేందర్ అన్న ఆ వెలుగును కొంచెం తగ్గించి, ముందుకు జరిపాడు.

భోజన విరామంలో అడిగాను, ఆరోజు ఎందుకు చెప్పలేదని.

"ఎట్ల చెప్పాలె చెల్లె గాడ? యూనిట్ మొత్తం నిలబడ్డది, పిలగాని టైమ్ అయిపోతున్నది. మా అమ్మ ఆట, తీసేయొద్దు అంటే ఏమనుకుంటరు? వాళ్లు నవ్వకున్నా నాకే నవ్వులాట అనిపిస్తుండె."

చెయ్యి కడుక్కుని వస్తూ మళ్లీ తానే చెప్పాడు. "మళ్ల పెట్టిన. గదే పేరు పెట్టి, ఊళ్లె తిప్పిన, సత్రంల పండుకోబెట్టిన. ఓ నాలుగు దినాలు చేసిన. నాతోని ఆగుడు కాలే చెల్లె. వంతెన దాటిన."

దర్శకుణ్ణి నేను తప్పుపట్టలేను. ఆయన ఆజ్ఞ ఇవ్వలేదు, అడిగారు. మర్యాదగా అడిగారు, సరైన మనిషిని అడిగారు, నిజమైన జవాబే పొందారు. డిబేట్ నియమాల ప్రకారం అక్కడ ఏ లోపమూ లేదు. లోపం అడిగిన చోటులో ఉంది. అందరూ నిలబడి చూస్తుండగా, గడియారం నడుస్తుండగా అడిగినదానికి వచ్చే 'సరే' అంగీకారం కిందికి రాదు. ఆ మాట వాదించి నెగ్గించగలిగే చోటు సెట్ కాదు. ముందురోజే, శ్రీనగర్ కాలనీలోని ఆ గదిలో, కాపీ తీసి ఉంచుదాం అన్నా అని నేను గట్టిగా పట్టుబట్టి ఉంటే వాదం అవసరమే వచ్చేది కాదు. పాత ఆటల్లో బొమ్మలు కాలానికి నిలవవచ్చు, నిలవకపోవచ్చు. వాటిని ఆడినవారి జాడ మాత్రం ఒక గుండీ బ్యాటరీ మీద, ఎవరో ఒకరి మొహమాటం మీద ఆధారపడి ఉంది. నేను నేర్చుకున్నది అంతే.

కనుక మిమ్మల్ని రెండు పనులు అడుగుతున్నాను. అలాంటి కాట్రిడ్జ్ మీ ఇంట్లో ఉంటే ఈ వారమే బయటకు తీయండి. తెర మీద ఏ పేర్లున్నాయో చూసి ఫోటో తీయండి, తెలిసినవారి చేత లోపలిదాన్ని కాపీ చేయించండి, బ్యాటరీ మార్పించడం ఆ తరువాతే. ఇక మీరే ఎవరి వస్తువునైనా అరువు అడగవలసి వస్తే, ముందురోజే వెళ్లండి, వారు ఒంటరిగా ఉన్నప్పుడు అడగండి. ఇందులో ఎవరున్నారని అడగండి. జవాబు వచ్చేదాకా కూర్చోండి.